ప్రశ్నపత్రానికి టెట్ ఎవరు పెడతారు?

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచీ చెన్నైలో నాకు తెలిసిన స్టాఫ్‌రూముల్లో టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) తప్ప వేరే మాట లేదు. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా పాఠాలు చెప్పే టీచర్లు, ఎప్పుడో ఉద్యోగంలో చేరినవాళ్ళతో సహా, రెండేళ్ళలోగా టెట్ పాసవ్వాలి. రిటైర్మెంటుకి అయిదేళ్ళలోపు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఇచ్చారు గానీ, ప్రమోషన్ కావాలంటే వాళ్ళకీ తప్పదు. మైనారిటీ విద్యాసంస్థల సంగతి పెద్ద బెంచికి వెళ్ళింది. ఆ కేసుల్లో కొన్ని మద్రాసు హైకోర్టు నుంచి పోయినవే కాబట్టి ఇక్కడ వేడి కాస్త ఎక్కువే.

జార్జిటౌన్‌లో, టీనగర్‌లో తెలుగువాళ్ళు తమ పిల్లల కోసం పెట్టుకున్న బడులు ఇంకా నడుస్తున్నాయి. వాటిలో పనిచేసే టీచర్లు కొందరు శనివారాలు మా ఇంటికి వస్తున్నారు. నేను టీచర్ ట్రైనింగ్ కాలేజీలో పిల్లల మనస్తత్వం, మూల్యాంకనం చెబుతాను. ఆ రెండు సబ్జెక్టులూ టెట్‌లో పనికొస్తాయని వాళ్ళ ఆశ. యాభైకి దగ్గరపడిన ఒకావిడ, వయసుతో పిల్లల ఆలోచన ఎలా మారుతుందో చెప్పే పియాజే దశల పట్టికని ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నారు. పాత ప్రశ్నపత్రం తిరగేస్తూ, "ఇన్నేళ్ళు పిల్లల్ని చూస్తూ నేర్చుకున్నది ఒక్కటీ ఇందులో అడగరేం మేడమ్?" అన్నారు.

టీచర్లకు పరీక్ష పెట్టడమే అవమానం అనే వాదన నాకు మింగుడుపడదు. డాక్టర్లు రాస్తారు, చార్టర్డ్ అకౌంటెంట్లు రాస్తారు, మనకేం వచ్చింది? పైగా బీఎడ్ పట్టాలు ఎలా చేతికొస్తున్నాయో ఆ రంగంలోనే ఉన్నదాన్ని, నాకు తెలుసు. హాజరు పట్టీలో తప్ప క్లాసులో కనపడని పేర్లు బోలెడు. బయటివాళ్ళు పెట్టే పరీక్ష ఒకటి ఉండి తీరాలి. నా గొడవ ఆ పరీక్షతోనే. టీచరుకి అర్హత ఉందో లేదో తేల్చే కాగితానికి ఆ అర్హత ఉందని ఎవరు తేల్చారు? ఎప్పుడు తేల్చారు? ఎలా తేల్చారు?

చట్టం వైపు నుంచి కథ చిన్నది. 2009 విద్యాహక్కు చట్టంలో 23వ సెక్షన్ టీచర్ల కనీసార్హతలు నిర్ణయించే పనిని ఒక సంస్థకు అప్పగించమంది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) ఆ బాధ్యత తీసుకుని, 2010 ఆగస్టు 23న నోటిఫికేషన్ ఇచ్చింది. 2011 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు వచ్చాయి. 150 ప్రశ్నలు, 150 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు, పాస్ కావాలంటే 60 శాతం. ఆ ఏడాది జూన్‌లోనే సీబీఎస్ఈ మొదటి సీటెట్, అంటే కేంద్ర స్థాయి టెట్, పెట్టేసింది. ఫిబ్రవరిలో మార్గదర్శకాలు, జూన్‌లో పరీక్ష. ఆ మధ్య కాలంలో ప్రశ్నలు రాయాలి, సరిచూడాలి, అచ్చేయాలి. ఇక ఒక ప్రశ్నని కొంతమంది చేత రాయించి చూసే తీరిక ఎవరికుంటుంది?

తమిళనాడులో మొదటి టెట్ 2012 జులైలో జరిగింది. ఆరున్నర లక్షల మందికి పైగా రాస్తే పాసైనవాళ్ళు 2,448. అర శాతం కూడా కాదు. ఆ అంకె చూపించి టీచర్లను ఎద్దేవా చేసినవాళ్ళు నాకు ఇప్పటికీ తగులుతుంటారు. వాళ్ళు చెప్పని సంగతి ఒకటుంది. 150 ప్రశ్నలకి ఇచ్చిన సమయం గంటన్నర. అంటే ఒక్కో ప్రశ్నకి 36 సెకన్లు. అందులోనే భాషా భాగంలో పాసేజీ చదవాలి, లెక్కల్లో చిత్తు పని చేయాలి, ఓఎంఆర్ జవాబు షీటు మీద గుండ్రాలు దిద్దాలి. గంటన్నర అన్నది ఎన్‌సీటీఈ మార్గదర్శకాల్లోనే ఉంది, రాష్ట్రం దాన్ని తూచా తప్పకుండా పాటించింది. గోల అయ్యాక అక్టోబరులో మళ్ళీ పెట్టారు, ఈసారి మూడు గంటలు ఇచ్చారు. 19 వేల పైచిలుకు పాసయ్యారు. పేపరు కూడా వేరే కాబట్టి తేడా అంతా సమయం వల్లే అనను. కానీ మూడు నెలల్లో తమిళనాడు టీచర్లు ఏడెనిమిది రెట్లు తెలివి మీరిపోయారని కూడా ఎవరూ అనలేరు కదా. ఏ ట్రైనింగ్ కాలేజీలోనో రెండొందల మందిని కూర్చోబెట్టి ముందే ఒక్కసారి రాయించి ఉంటే, సగం మంది ఎనభయ్యో ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నారని ఆ సాయంత్రానికల్లా తెలిసేది.

అసలు ఒక ప్రశ్న ఎలా పుడుతుందో చాలామందికి తెలియదు. అలాంటి ఒక ప్యానెల్‌లో నేనూ కూర్చున్నాను. ఏ పరీక్షకో చెప్పను, చెప్పనని సంతకం పెట్టాను. గుమ్మం దగ్గరే ఫోన్లు తీసి కవర్లో పెట్టేస్తారు. చేతికి బ్లూప్రింట్ ఇస్తారు, అంటే ఏ అధ్యాయం నుంచి ఎన్ని ప్రశ్నలు, అందులో జ్ఞాపకానికి ఎన్ని, అవగాహనకి ఎన్ని, అన్వయానికి ఎన్ని అనే పట్టిక. ప్రతివాళ్ళకీ కోటా ఉంటుంది. ప్రశ్న, నాలుగు ఆప్షన్లు, సరైన జవాబు, అది ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో ఆధారం రాసివ్వాలి. పొద్దున పూట అందరూ ఉత్సాహంగా అన్వయ ప్రశ్నలు రాస్తారు. ఒక్కోటి అరగంట తింటుంది. భోజనాలయ్యాక కోటా గుర్తొస్తుంది. ఇక అక్కణ్ణుంచి పుట్టేవన్నీ "ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించినది ఎవరు" జాతివే. వాటికి ఆధారం చూపించడం తేలిక, కీ మీద ఎవరూ వంక పెట్టలేరు. బ్లూప్రింట్‌లో "అన్వయం" అని ఉన్న గడిలోకి కూడా అవే జొరబడతాయి.

సరిచూసేవాళ్ళు లేరా అంటే ఉంటారు. వాళ్ళు చూసేది ఎక్కువగా అచ్చుతప్పులు, సిలబస్ దాటిందా లేదా, కీ పుస్తకంతో కలుస్తోందా. ఈ చూపుకి దొరకని తప్పులే అసలు తప్పులు. ఉదాహరణకి ఒకటి నేనే కల్పించి చెబుతాను. పొట్టి వెడల్పు గ్లాసులో నీళ్ళు పొడుగు సన్న గ్లాసులోకి పోస్తే, ఏడేళ్ళ పాప "ఇందులో ఎక్కువున్నాయి" అంటుంది, ఆమె పియాజే చెప్పిన ఏ దశలో ఉంది? కీ ప్రకారం పూర్వ ప్రచాలక దశ, అంటే గ్లాసు ఆకారం మారినా నీళ్ళు అన్నే ఉంటాయని ఇంకా తెలియని దశ. పుస్తకంలో ఆ దశ రెండు నుంచి ఏడేళ్ళు, ఆ తర్వాతది ఏడు నుంచి పదకొండు. మరి ఏడేళ్ళ పాప ఏ గట్టున ఉన్నట్టు? గైడ్ బట్టీ కొట్టినవాళ్ళకి గ్లాసు కనపడగానే జవాబు తట్టేస్తుంది. రెండో తరగతి పిల్లలతో రోజూ వేగే టీచరు వయసు చూసి ఆగిపోతుంది, అనుమానపడుతుంది, నిమిషం పోగొట్టుకుంటుంది, కొన్నిసార్లు మార్కూ పోగొట్టుకుంటుంది. ఏడు కొట్టేసి నాలుగు అని రాస్తే చాలు, ప్రశ్న బాగుపడుతుంది. ఆ ఒక్క అంకె దగ్గర ఆగే మనిషి ఆ గదిలో ఉండాలి, ఆగడానికి టైము ఉండాలి.

ఇప్పుడు ఇంకో రకం ప్రశ్న చూడండి. ఒక బాబు 52 లోంచి 28 తీసేస్తే 36 అని రాశాడు. ఇదే పద్ధతిలో 83 లోంచి 27 తీసేయమంటే వాడు ఏం రాస్తాడు? ఆప్షన్లు 56, 64, 66, 110. సరైన తీసివేత 56. కానీ అడిగింది అది కాదు, వాడేం రాస్తాడని. వాడు పైదా కిందదా అని చూడకుండా ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నాడు, కాబట్టి 64 రాస్తాడు. 66 అనేది పదుల్లోంచి అప్పు తెచ్చుకుని, పైన ఒకటి తగ్గించడం మర్చిపోయే పిల్లల జవాబు. 110 గుర్తు చూడకుండా కూడేసే పిల్లలది. నాలుగు ఆప్షన్లలో ప్రతిదాని వెనకా ఒక పిల్లవాడున్నాడు. లెక్క రావడం వేరు, పిల్లవాడి లెక్క ఎక్కడ తప్పిందో కనిపెట్టడం వేరు. సబ్జెక్టు తెలిసినవాడికీ దాన్ని బోధించగలిగినవాడికీ మధ్య ఉన్న ఈ ప్రత్యేకమైన తెలివి గురించి అమెరికా విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ 1986లోనే వివరంగా రాశాడు. శనివారం క్లాసులో ఈ ప్రశ్న ఇస్తే, పియాజే పట్టికలో తడబడే ఆ పెద్దావిడ పెన్ను పట్టుకోకుండా 64 అన్నారు. నా బీఎడ్ విద్యార్థుల్లో చురుకైనవాళ్ళు చాలామంది 56 దగ్గర టిక్కు పెట్టారు.

ఇలాంటివి రాయడం కష్టమే. రాశాక కూడా పనిచేస్తుందో లేదో రాసినవాళ్ళకి తెలియదు, రాయించి చూస్తేనే తెలుస్తుంది. దానికి రెండు పాత కొలతలున్నాయి. ఎంతమంది సరిగ్గా రాశారన్నది మొదటిది. రెండోది ఇంకా ముఖ్యం: మొత్తం పేపర్లో బాగా చేసినవాళ్ళు ఈ ప్రశ్నని బాగా చేశారా, లేక వెనకబడినవాళ్ళే ఎక్కువ సరిగ్గా రాశారా? మెరికల్లాంటివాళ్ళు తప్పు రాసి, గుడ్డిగా గుండ్రాలు దిద్దినవాళ్ళు ఒప్పు రాశారంటే, కీ అయినా తప్పయి ఉండాలి, ప్రశ్నలోనైనా మెలిక ఉండాలి. ఎక్సెల్ షీటులో అయిపోయే లెక్క ఇది. ఎంఎడ్ మొదటి ఏడాదిలో నేర్పిస్తాం.

తెలుగు పేపరు సంగతి ఇంకాస్త నాజూకు. తమిళనాడు టెట్‌లో మొదటి భాషగా తమిళంతో పాటు తెలుగు, మలయాళం, కన్నడం, ఉర్దూ కూడా ఎంచుకోవచ్చు. మంచిదే. కానీ తెలుగు ఎంచుకునేవాళ్ళు తక్కువ, కాబట్టి ప్రశ్నలు రాసేవాళ్ళూ తక్కువే, సరిచూసేవాళ్ళు ఇంకా తక్కువ. అవగాహన పాసేజీ సంక్రాంతి కోడిపందేల మీద ఇచ్చారనుకోండి. కత్తి ఎక్కడ కడతారు, బరి అంటే ఏమిటి అని అడిగారనుకోండి. భీమవరం నుంచి పెళ్ళై వచ్చిన టీచరు పాసేజీ చదవకుండానే రాసేస్తుంది. తిరుత్తణిలో పుట్టి పెరిగిన తెలుగు టీచరు ప్రతి వాక్యం చదువుకోవాలి. అప్పుడా ప్రశ్న కొలిచేది చదివి అర్థం చేసుకోవడాన్ని కాదు, పుట్టిన ఊరుని. దీన్ని పట్టుకోవడం కష్టమేం కాదు. పాసేజీ తీసేసి ఉత్త ప్రశ్నలే పదిమందికి ఇచ్చి చూడాలి. అయినా సగం మార్కులు వస్తే ఆ పాసేజీ దండగ. ఆంధ్రాలో ఒకరు, రాయలసీమలో ఒకరు, చెన్నైలోనో హోసూరులోనో ఒకరు ముందుగా చదివినా చాలావరకు బయటపడుతుంది. అంతమందిని కూర్చోబెట్టేంత బడ్జెట్ తెలుగు పేపరుకి కేటాయిస్తారా అన్నది వేరే సంగతి.

పాస్ మార్కు గురించి. 60 శాతం, అంటే 90. ఈ 60 ఎక్కడి నుంచి వచ్చింది? ప్రశ్నలు తేలికగా ఉన్నా 90, కఠినంగా ఉన్నా 90. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక చిన్న లెక్క వేయండి. ఒకరికి నిజంగా 70 ప్రశ్నలే తెలుసు. మిగతా 80 కళ్ళు మూసుకుని దిద్దారు. నాలుగింట ఒకటి తగిలినా 20 కలుస్తాయి, మొత్తం 90. అంటే 60 శాతం అని మనం గొప్పగా చెప్పుకునేది నిజానికి 47 శాతం తెలివి, మిగతాది దేవుడి దయ. ఇక ఇలాంటి 150 ప్రశ్నల పేపర్లో ఎవరి మార్కులోనైనా అయిదారు మార్కుల అటూఇటూ సహజంగానే ఉంటుంది. అదే మనిషి అదే స్థాయి పేపరు మళ్ళీ రాస్తే 86 రావచ్చు, 94 రావచ్చు. 89 వచ్చినవాళ్ళు అనర్హులు, 90 వచ్చినవాళ్ళు అర్హులు అని గీత గీసే శక్తి ఈ కొలబద్దకి లేదు.

దీనికి ప్రపంచంలో వాడే పద్ధతి ఒకటుంది, ఆంగాఫ్ పద్ధతి అంటారు. అనుభవం ఉన్న టీచర్లని పిలుస్తారు. "బొటాబొటీగా సరిపోయే టీచరు వందమంది ఉంటే, ఈ ప్రశ్నకి ఎంతమంది సరిగ్గా రాస్తారు?" అని ప్రశ్న ప్రశ్నకీ అడుగుతారు. ఆ అంచనాలన్నీ కలిపి సగటు తీస్తే ఆ పేపరుకి తగ్గ పాస్ మార్కు వస్తుంది. పేపరు కఠినమైతే గీత దిగుతుంది, తేలికైతే ఎక్కుతుంది. మన దగ్గర గీతలు మంత్రుల ప్రకటనలతో కదులుతాయి. 2014లో తమిళనాడు ప్రభుత్వం రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలిస్తే పాస్ మార్కు 82 అయింది. అది 2013లో రాసినవాళ్ళకీ వర్తిస్తుందన్నారు. కేసులు పడ్డాయి, చివరికి 2016లో సుప్రీంకోర్టు సడలింపుని సమర్థించింది. సామాజిక న్యాయం కోసం సడలించడాన్ని నేను తప్పుపట్టను. 90 అయినా 82 అయినా దేన్ని బట్టి అన్న ప్రశ్న ఆ కేసుల్లో ఎవరి నెత్తినా పడలేదు, అదీ నా బాధ.

మరి మన పరీక్షల్లో నిజమైన సమీక్ష ఎక్కడ జరుగుతోంది? పరీక్ష అయిపోయాక, ప్రాథమిక కీ విడుదల చేసి అభ్యంతరాలు చెప్పమన్నప్పుడు. విస్తట్లో వడ్డించేశాక ఉప్పు చూడమన్నట్టు. చూసేది కూడా వంటవాళ్ళు కాదు, అతిథులు, అదీ డబ్బు కట్టి. సీటెట్ ఒక పేపరుకి జనరల్ అభ్యర్థి కట్టే ఫీజు 1,000 రూపాయలు. ఒక్క ప్రశ్నకి కీ తప్పని సవాలు చేయడానికీ 1,000 రూపాయలే. అభ్యంతరం నెగ్గితే వెనక్కిస్తారు, సరే. కానీ ముందు ఆ డబ్బు ఉన్నవాళ్ళే అడగగలరు. ప్రైవేటు బళ్ళో పది పన్నెండు వేలకి పనిచేసే టీచరు మూడు ప్రశ్నల మీద అనుమానమున్నా ఊరుకుంటుంది. ఊరుకోనిది కోచింగ్ సెంటర్లు, వాళ్ళకి అది ప్రచారం కూడా.

ఆ పైన కోర్టులు. 1983లో కాన్పూరు విశ్వవిద్యాలయం కేసులో, ఒక మెడికల్ ప్రవేశ పరీక్ష కీ గురించి, సుప్రీంకోర్టు చక్కని మాటలు చెప్పింది. ప్రశ్నలను ముందే సరిచూసే మోడరేషన్ ఉండాలి, భాషలో సందిగ్ధత ఉండకూడదు, అనుమానమున్న ప్రశ్నని తీసేయాలి. నలభై ఏళ్ళు దాటాయి. ఇంకో కేసు అచ్చంగా టీచర్లదే. ఉత్తరప్రదేశ్‌లో 2009లో ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్ల నియామకానికి ప్రకటన ఇచ్చారు. జవాబుల మీద గొడవ 2017 డిసెంబరు దాకా సాగింది. సుప్రీంకోర్టు చివరికి, సందేహం ఉంటే ఆ లాభం పరీక్ష పెట్టినవాళ్ళకే, అభ్యర్థికి కాదు అంది. కోర్టులు కూర్చుని జవాబుపత్రాలు దిద్దకూడదన్నది నేనూ ఒప్పుకుంటాను, జడ్జిలకి పియాజే ఎందుకు? కానీ సందేహ లాభం అలా దఖలు పడ్డాక, సందేహమే రాకుండా చూసుకోవాల్సిన బరువు పరీక్ష సంస్థ మీద రెట్టింపవ్వాలి. మన దగ్గర దానివల్ల ధీమా రెట్టింపైంది.

అమెరికాలో కూడా అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. న్యూయార్క్‌లో టీచర్లకి లాస్ట్ అనే సర్టిఫికేషన్ పరీక్ష ఉండేది. అందులో నల్లజాతి, లాటినో టీచర్లు ఎక్కువగా ఫెయిలవుతుంటే 1996లో కేసు వేశారు. అక్కడ కోర్టు ప్రశ్నల కీ జోలికి పోలేదు. టీచరు బళ్ళో రోజూ చేసే పని ఏమిటో అధ్యయనం చేశారా, ఈ పరీక్ష ఆ పనికి కావలసిన నైపుణ్యాన్నే కొలుస్తోందని ఎలా తేల్చారు, కాగితాలు చూపించండి అంది. సరిపోయే ఆధారాలు దొరకలేదు. 2012లో జడ్జి కింబా వుడ్ ఆ పరీక్ష వివక్షతో కూడుకున్నదని తీర్పిచ్చారు. న్యూయార్క్ నగరం మీద పడిన పరిహారం మొత్తం వంద కోట్ల డాలర్లు దాటింది. ఆ ప్రశ్నే మన టెట్‌ని అడిగితే ఏ కాగితం తీసి చూపిస్తారో చూడాలని నాకు ఆశ.

ముందే రాయించి చూస్తే పేపరు లీకవుతుందంటారు. ఈ భయం ఉత్తుత్తిది కాదు. 2021లో ఉత్తరప్రదేశ్ టెట్ లీకై రద్దయింది, అదే ఏడాది రాజస్థాన్ టెట్ అయిన రీట్‌లో రెండో లెవెల్‌కీ చివరికి అదే గతి పట్టింది. కానీ దీనికి విరుగుడు ఎప్పుడో ఉంది. అమెరికాలో టీచర్లకి పెట్టే ప్రాక్సిస్ పరీక్షలో మార్కులు లేని ప్రశ్నలు కొన్ని కలిపేస్తారు, ఏవి లెక్కలోకి వస్తాయో రాసేవాళ్ళకి తెలియదు. ఈసారి పరీక్షలో కలిపిన ప్రశ్నల లెక్కలు చూసుకుని, నిలబడినవాటినే వచ్చేసారి మార్కులకి వాడతారు. మన ఓఎంఆర్ పేపర్లలో కూడా బుక్‌లెట్‌కో రకం పెట్టి ఇదే పని చేయొచ్చు. ఆంధ్రా, తెలంగాణల్లో ఎలాగూ టెట్ కంప్యూటర్ మీదే, పూటకో పేపరు. అక్కడైతే అన్ని పూటలకీ ఉమ్మడిగా కొన్ని ప్రశ్నలు పెట్టడం ద్వారా ఏ పూట పేపరు ఎంత కష్టమో కూడా తేల్చుకోవచ్చు. ఆంధ్రాలో ప్రభుత్వ టీచర్ల నియామకానికి పెట్టే డీఎస్సీకి టెట్ మార్కులు 20 శాతం కలుస్తాయి, కాబట్టి ఇది అర మార్కు కోసం ర్యాంకులు తారుమారయ్యే వ్యవహారం.

పనిలో ఉన్న టీచర్లకి ఇచ్చిన గడువు 2027 సెప్టెంబరుతో అయిపోతుంది. అప్పటికి కొత్త పద్ధతులన్నీ దిగిపోతాయని నాకు భ్రమల్లేవు. కానీ పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ఇన్నేళ్ళుగా లక్షల ఓఎంఆర్ షీట్లు స్కాన్ చేశారు, ఎవరు ఏ ప్రశ్నకి ఏ గుండ్రం దిద్దారో ఎక్కడో ఏ సర్వర్లోనో ఉండే ఉంటుంది. పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు తీసేసి ఆ ఫైళ్ళు బయటపెట్టమనండి. ఏ ప్రశ్న పనిచేసిందో, ఏది మెరికల్ని ముంచిందో, తెలుగు పేపర్లో ఏ పాసేజీ దండగో మేం తేల్చి చెబుతాం. మా కాలేజీలోనే ఎంఎడ్ పిల్లలు థీసిస్‌కి టాపిక్ దొరక్క నా గది చుట్టూ తిరుగుతున్నారు.